పాలెగాడు పోయె... పట్టా వచ్చె!

మా సీమలో పాతతరం పేర్లలో ‘మన్రోలప్ప’ అని ఒకటి వినిపించేది. కొత్తగా విన్నవాళ్లు ఏ గుట్టమీది దేవుడి పేరో అనుకుంటారు. దేవుడు కాదు, దొర. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టి, మద్రాసుకు సిపాయి ఉద్యోగానికి వచ్చి, చివరికి మద్రాసు గవర్నరు అయిన థామస్ మన్రో. కొందరు ఆయన పేరును మాండవ్య రుషితో కూడా కలిపేసుకున్నారు. శిస్తు వసూలు చేయడానికి వచ్చిన మనిషి పేరు కన్నబిడ్డలకు పెట్టుకున్నారంటే మామూలు సంగతి కాదు గదా!

అయితే అదే దొర హయాంలో, అదే సీమలో, శిస్తు కట్టం పొమ్మన్న ఒక ఊరిని ఫిరంగులతో నేలమట్టం చేశారు. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచేవాళ్లను చాలామందిని చూశాను. అందుకే రెండూ కలిపి చెప్పాలనిపించింది.

నేను ముప్పై ఏళ్లు రెవెన్యూ శాఖలో పనిచేశాను. పాలిథిన్ కవరులో నాలుగు మడతలు పెట్టి తెచ్చిన పాత పట్టాను టేబుల్ మీద పెట్టే ముందు కళ్లకద్దుకునే రైతులు నాకు బాగా తెలుసు. బంగారం బ్యాంకులో పెడతారు గానీ ఆ కాగితాన్ని మాత్రం ఇంట్లో ట్రంకు పెట్టె అడుగునే దాస్తారు. ఇంత విలువైన ఆ కాగితం మన ఊళ్లలోకి ఎప్పుడొచ్చింది, ఎట్లా వచ్చింది, వస్తూ వస్తూ ఏం తెచ్చింది, పోతూ పోతూ ఏం తీసుకుపోయింది? ఈ కథ తెలియాలంటే 1800వ సంవత్సరానికి పోవాలి.

అడగకుండా ఇచ్చిన దత్తత

శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను పడిపోయింది 1799లో. ఆ యుద్ధాల్లో ఇంగ్లీషు కుంపిణీతో కలిసి నడిచిన హైదరాబాదు నిజాముకు మైసూరు రాజ్యంలోంచి వాటాగా కొన్ని ప్రాంతాలు వచ్చాయి. అవే బళ్లారి, అనంతపురం, కడప వైపు సీమలు, కర్నూలు సీమలో కొంత. వచ్చినట్టే వచ్చి కొన్నాళ్లకే పోయాయి. నిజాము తన రక్షణకు పెట్టుకున్న కుంపిణీ సైన్యం ఖర్చు కింద 1800 అక్టోబరులో ఆ ప్రాంతాలన్నీ కుంపిణీకి రాసిచ్చాడు.

జీతాల బాకీ కింద జనాన్ని, చెరువులను, గుట్టలను, గుళ్లను లెక్కకట్టి ఇచ్చేశాడన్నమాట. అట్లా ఇచ్చిన ప్రాంతం గనక ‘దత్తమండలం’ అన్నారు. 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావుగారు ‘రాయలసీమ’ అనే పేరు ప్రతిపాదించే దాకా, అంటే 128 ఏళ్లు, ఆ పేరుతోనే బతికాం. దత్తత ఇచ్చేటప్పుడు బిడ్డను అడగరు. మమ్మల్నీ ఎవరూ అడగలేదు.

ఆ కొత్త సీమకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు మన్రో. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు. 1780లో మద్రాసులో దిగింది మొదలు హైదరుతో, టిప్పుతో యుద్ధాలు చూశాడు. సేలం వైపు బారామహల్‌లో కెప్టెన్ రీడ్ దగ్గర శిస్తు పని నేర్చాడు. మంగుళూరు వైపు కెనరాలో ఏడాదిపైన కలెక్టరుగా చేశాడు. ఇక్కడికి వచ్చాక బంగళాలో కూర్చోలేదు. చాలాకాలం గుడారాల్లోనే ఉంటూ ఊరూరూ తిరిగాడు. దుబాసీ నోటితో కాకుండా రైతుతో నేరుగా మాట్లాడగలిగేవాడు. ఆయనకు పేరు రావడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం. గోడు వినే అధికారికి మనవాళ్లు ఈరోజుకీ సగం దండం అక్కడే పెట్టేస్తారు.

ఎనభై మంది చిన్న రాజులు

మన్రో వచ్చేసరికి ఈ సీమలో ఎనభై మంది దాకా పాలెగాళ్లు ఉన్నారు. విజయనగరం కాలంనుంచి వస్తున్న వ్యవస్థ అది. ఒక్కొక్కరికీ ఒక మట్టికోట, కొంతమంది బంట్లు, కొన్ని ఊళ్లు. ఊళ్లకు కావలి కాయాలి, రాజు పిలిస్తే సైన్యం తేవాలి, పేష్కషు కట్టాలి. విజయనగరం పడిపోయాక పైరాజులు మారుతూ వచ్చారు గానీ పాలెగాళ్లు మాత్రం మారలేదు. పైన బలవంతుడుంటే వంగారు, లేనప్పుడు లేచారు.

వాళ్లను ఇప్పుడు సినిమాల్లో చూపించినంత గొప్పగా నేను చెప్పలేను. ఒక పాలెగాడు, ఇంకో పాలెగాడు కొట్టుకుంటే తగలబడేది రైతు గడ్డివామే. కావలి రుసుము అని ఒకటి, పెళ్లి కట్నమని ఒకటి, కోట మరమ్మతుకని ఒకటి వసూలు చేసేవాళ్లు. అయితే వాళ్ల దగ్గర రైతుకు ఒక బలం ఉండేది. ఆ రోజుల్లో నేల ఎక్కువ, దున్నే మనుషులు తక్కువ. బాధ మితిమీరితే రైతు బండి కట్టుకుని, ఎద్దుల్ని తోలుకుని పక్క పాలెగాడి సీమలోకి పోయేవాడు. అక్కడివాడు కౌలు తగ్గించి మరీ రమ్మనేవాడు. రైతు బలం కాగితంలో లేదు, కాళ్లలో ఉంది.

మన్రో ఈ పాలెగాళ్లను ఉంచదలచుకోలేదు. జనరల్ క్యాంబెల్ సైన్యం వెంట ఉంది. ఒకటి రెండేళ్లలోనే చాలామంది కోటలు పోయాయి. కొందర్ని తరిమేశారు, కొందర్ని పట్టి బంధించారు, లొంగినవాళ్లకు నెలకింత అని పింఛను కట్టారు. బంట్ల చేతుల్లో ఆయుధాలు ఊడాయి.

పాలెగాళ్లే కాదు, ఊళ్లు కూడా తిరగబడ్డాయి. 1801లో ఇప్పటి కర్నూలు జిల్లాలోని తెర్నేకల్లు ఊరివాళ్లు శిస్తు కట్టమన్నారు. వసూలుకు వచ్చిన అధికారిని చంపేశారు. మొదట వచ్చిన దండును తిప్పికొట్టారు. తర్వాత జనరల్ క్యాంబెల్ ఫిరంగులతో వచ్చి ఊరిని తుడిచిపెట్టాడు. నేను పైన చెప్పిన ఊరు ఇదే. పట్టా కాగితం మన ఊళ్లలోకి పల్లకీలో ఊరేగుతూ రాలేదు. దానికి దారి వేసింది ఫిరంగులే.

33 అడుగుల గొలుసు

పాలెగాణ్ని తీసేశాక ఊరికి, సర్కారుకు మధ్య ఎవరుండాలి? బెంగాల్లోనూ, మన ఉత్తర సర్కారుల్లోనూ కుంపిణీ జమీందారును పెట్టింది. శాశ్వత శిస్తు పద్ధతి మద్రాసు రాజధానిలో 1802 నుంచి మొదలైంది. కోస్తా జిల్లాల్లో దివాణాలు, జమీందారీలు గట్టిపడ్డాయి. మన్రో మాత్రం మధ్యవాడు వద్దన్నాడు. ప్రతి రైతుతో సర్కారు నేరుగా లెక్క చూసుకోవాలన్నాడు. అదే రైత్వారీ.

నేరుగా లెక్క చూడాలంటే ముందు నేల ఎంతుందో తెలియాలి. అందుకే 1802లో సర్వే మొదలైంది. 33 అడుగుల గొలుసు పట్టుకుని గుమాస్తాలు ఊళ్లమీద పడ్డారు. ఆ గొలుసు పొడవూ వెడల్పూ కొలిస్తే ఒక గుంట. నలభై గుంటలైతే ఎకరం. తెలంగాణలో, కర్ణాటకలో ఇప్పటికీ భూమిని గుంటల్లోనే చెప్పుకుంటారు. కొలిచేవాళ్ల వెనకే మదింపు చేసేవాళ్లు వచ్చారు. ఇది నల్లరేగడి, ఇది ఎర్రనేల, ఇది చౌడు, ఇది చెరువు కింది మాగాణి అని తరగతులు కట్టారు. నాలుగైదేళ్లలో అంత పెద్ద సీమనంతా కొలిచేశారు. ఆ రోజుల్లో రోడ్లు లేవు, మ్యాపులు లేవు. ఉద్యోగరీత్యా ఎండలో సర్వేరాయి వెతుక్కుంటూ తిరిగినవాడిగా చెబుతున్నా, ఇది చిన్న పని కాదు.

ఇంత జరిగినా ఊరి లెక్క ఊళ్లోనే ఉంది, కరణం దగ్గర. ఏ చేను ఎవరిది, ఏది మాన్యం, ఏది బంజరు అన్నది ఆయన కవిలెల్లో ఉండేది. దొర గొలుసు ఎంత పొడుగున్నా కరణం కలం కదలకుండా సర్వే నడవలేదు. కుంపిణీ రాకతో ఊళ్లో కరణం బలం తగ్గకపోగా పెరిగింది. ముందు ఆయన లెక్కలు ఊరికి మాత్రమే పనికొచ్చేవి. ఇప్పుడు అవి సర్కారుకు సాక్ష్యాలయ్యాయి.

ఎదురెదురుగా ఇద్దరే

పట్టాలో రైతు పేరు, ఆయన పొలం, కట్టాల్సిన శిస్తు ఉంటాయి. ఏటా జమాబందీలో లెక్క చూస్తారు. శిస్తు కట్టినంతకాలం ఆ నేల మీదికి ఎవడూ రాకూడదు. చేను మీద హక్కు తన పేరుతో, సర్కారు ముద్రతో మామూలు కాపు చేతికి రావడం మా సీమలో కొత్త. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకోవడం వెనక ఈ సంతోషం కూడా ఉందని నేననుకుంటాను.

మరి శిస్తు ఎంత? పంటలో 45 వంతులు. నూటికి నలభై అయిదు! వానలు నికరం లేని, మూడేళ్లకో కరువు వచ్చే సీమలో సగానికి దగ్గరగా సర్కారుకే. అది కూడా గింజల్లో కాదు, కిస్తీల ప్రకారం రొక్కంలో. కిస్తీ తేదీ దగ్గర పడిందంటే రైతు కల్లంలోనే ధాన్యం అమ్మాలి. అందరూ ఒక్కసారే అమ్మితే ధర పడిపోతుంది. లేదంటే సావుకారు ఇంటి అరుగెక్కాలి. ఊళ్లో ఎవరైనా కట్టలేక చేతులెత్తేస్తే ఆ లోటులో కొంత మిగతా రైతుల మీద వేసే పద్ధతి కూడా ఉండేది. వాళ్ల శిస్తుకు పదోవంతు దాకా అదనంగా వేయొచ్చు.

మన్రో ఇది గమనించలేదనుకుంటే పొరపాటు. 1807లో వెళ్లిపోయే ముందు ఆయనే రాశాడు, ఈ శిస్తు భారం ఎక్కువ, నాలుగోవంతు తగ్గించాలి, మాగాణికి ఇంకొంచెం తగ్గించాలి, అప్పుడే నేలకు విలువ వస్తుంది, రైతు తనదని చూసుకుంటాడు అని. మద్రాసు ప్రభుత్వం వినలేదు. యుద్ధాలకు డబ్బు కావాలి, తగ్గిస్తే ఎట్లా? పైగా ఆయన వెళ్లగానే రైత్వారీ పక్కనపెట్టి ఊళ్లకు ఊళ్లు గుత్తకిచ్చారు. మొదట మూడేళ్ల గుత్త, తర్వాత పదేళ్ల గుత్త. గుత్తదార్లలో చాలామంది దివాళా తీశారు, ఊళ్లను కూడా దివాళా తీయించారు. 1820లో మన్రో గవర్నరుగా తిరిగొచ్చాక గానీ ఆ నాలుగోవంతు తగ్గింపు రాలేదు. మంచి సలహా ఫైల్లో పడుకుని పదమూడేళ్లు నిద్రపోయింది. మా శాఖకు ఈ అలవాటు ఎక్కణ్నుంచి వచ్చిందో చూడండి!

నాకు అసలు మార్పు మాత్రం శిస్తు రేటులో కనిపించదు. మధ్యవాడు పోయాక రైతు, సర్కారు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకవైపు సముద్రాలు దాటి వచ్చిన సర్కారు, ఇంకోవైపు ఒక్క రైతు. బండి కట్టుకుని పక్క సీమకు పోదామంటే అక్కడా కుంపిణీయే, ఆ పక్కా కుంపిణీయే. చేతికి కాగితం వచ్చింది, కాళ్లలో బలం పోయింది.

స్వామి అడిగిందీ మాన్యమే

మంత్రాలయం కథ వినని తెలుగువాళ్లుండరు. మఠం మాన్యం విషయం తేల్చడానికి మన్రో వచ్చాడనీ, బూట్లు విప్పి లోపలికెళితే రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి దర్శనమిచ్చి మాట్లాడాడనీ, ఆ మాటలు దొరకు తప్ప ఎవరికీ వినపడలేదనీ, మాన్యం మఠానికే ఉంచేశారనీ చెప్పుకుంటారు. తిరుమలలో ‘మన్రో గంగాళం’ పేరుతో ఒక కథ, గండి ఆంజనేయస్వామి దగ్గర బంగారు తోరణం కనిపించిందని ఇంకో కథ ఉన్నాయి.

భక్తుల నమ్మకాన్ని నేను వాదించను. కానీ మంత్రాలయం కథలో ఒకటి గమనించారా? స్వామి అంతటివారు లేచొచ్చి మాట్లాడింది దేని గురించి? భూమి గురించి. ఇనాము ఉంటుందా, ఊడుతుందా అనే దాని గురించి. ఆ రోజుల్లో ప్రతి గుడికీ, ప్రతి మఠానికీ, తలారికీ, నీరుగంటికీ, వెట్టివాడికీ ఇదే భయం. తరతరాలుగా నోటిమాట మీద, రాగిరేకు మీద నడిచిన మాన్యాలన్నిటికీ కుంపిణీ రుజువు అడిగింది. దేవుడికి చెప్పుకోవడానికి దేవుడున్నాడు. తలారి ఎవరికి చెప్పుకోవాలి?

పట్టాలో పేరెక్కని వాళ్ల లెక్క కూడా చూడాలి. పేరెక్కింది ఎక్కువగా అప్పటికే నాగలి, ఎద్దులు ఉన్న కాపుదనం కులాలవాళ్లు. వాళ్ల చేలల్లో తరాలుగా చెమటోడ్చిన మాల, మాదిగ కూలీలలో ఎక్కువమంది ఏ కాగితంలోనూ లేరు. ఆడవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

బడులు, మగ్గాలు

ఇంకో లెక్క చూడండి. గవర్నరుగా ఉన్నప్పుడు 1822లో మన్రో ప్రతి కలెక్టరునూ బడుల లెక్క అడిగాడు. బళ్లారి జిల్లా కలెక్టరు క్యాంబెల్ (పైన చెప్పిన జనరల్ కాదు, వేరే ఆయన) 1823లో పంపిన లెక్క ఇది: జిల్లాలో మొత్తం 533 బడులు. అందులో కన్నడం 235, తెలుగు 226. మిగతావి సంస్కృతం, మరాఠీ, పారశీకం, తమిళం. ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటి. చదివే పిల్లలు 6,641 మంది. హిందూ బాలికలు 60 మంది!

ఈ లెక్కతోపాటు క్యాంబెల్ ఇంకో మాట రాశాడు. ముందు బడులున్న చాలా ఊళ్లలో ఇప్పుడు లేవని, జనం బీదవాళ్లైపోవడమే కారణమని, ఇంగ్లండు బట్ట వచ్చి ఇక్కడి నేతగాళ్ల బతుకు దెబ్బతిన్నదని, పనిచేసే ఈడు రాగానే పిల్లల్ని బడి మాన్పిస్తున్నారని. సరిగ్గా పదేళ్ల ముందు, 1813లో, లండన్ పార్లమెంటు కమిటీ ముందు మన్రో చెప్పింది వేరు. ఈ దేశంలో బట్ట బాగా నేస్తారు, మన సరుకుకు అక్కడ పెద్ద గిరాకీ ఉండదన్నాడు. ఆ మనిషే గవర్నరు కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ మాట తలకిందులైంది. ఒక మంచి అధికారి వల్ల ఎంత అవుతుంది, ఎంత కాదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. స్వదేశానికి వెళ్లేముందు పాత సీమను ఒక్కసారి చూసి పోదామని వచ్చి ఇక్కడే కన్నుమూశాడు.

పదకొండు రూపాయల పదణాల ఎనిమిది పైసలు

ఆయన పోయాక వ్యవస్థ మిగిలింది. గుడారంలో కూర్చుని రైతు మాట వినే దొరలు అందరూ కారు. 1854లో మద్రాసు రాజధానిలో చిత్రహింసల మీద విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. 1855లో వచ్చిన నివేదిక చదివితే ఒళ్లు జలదరిస్తుంది. శిస్తు బాకీ కోసం వేళ్లను కర్రల మధ్య పెట్టి నొక్కడం, మెడకూ కాలికీ తాడు కట్టి వంచి ఎండలో నిలబెట్టడం ఇవన్నీ కింది ఉద్యోగులు మామూలుగా చేసే పనులని తేలింది. చేసినవాళ్లు మన మనుషులే. ఎవరి ఖజానా కోసం చేశారో వేరే చెప్పక్కర్లేదు.

ఇక పింఛను కట్టిన పాలెగాళ్ల సంగతి. ఆ వంశాల్లో ఒకరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. ఆయన వాటాకు వచ్చిన నెల పింఛను 11 రూపాయల 10 అణాల 8 పైసలు. వారసుల్లేక ఆగిన పింఛన్లు, సర్కారు తీసేసుకున్న మాన్యాలు, కచేరీలో ఎదురైన అవమానం అన్నీ కలిసి 1846లో రగిలాయి. కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఉరితీశారు. ఆయన వెంట నడిచినవాళ్లలో కావలి మాన్యాలు పోయినవాళ్లు ఉన్నారన్నది మరిచిపోకూడదు. నలభై ఏడేళ్ల కింద కత్తితో తీసేసిన దానికి కుంపిణీ కట్టిన ధర ఆ పదకొండు రూపాయల చిల్లర.

ఊరి పెద్దకు కూడా ఇదే జరిగింది, నెత్తురు లేకుండా. 1816 చట్టాలతో గ్రామ మునసబు పదవి వచ్చింది. అంతకుముందు రెడ్డి, గౌడ ఊరి తరఫున సర్కారుతో బేరమాడే మనిషి. ఆ తర్వాత సర్కారు తరఫున ఊళ్లో పనిచేసే మనిషి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలనూ మునసబులనూ తీసేసే దాకా ఆ పెత్తనం నడిచింది.

ఇప్పటి గొలుసు

ఇప్పుడు 33 అడుగుల గొలుసు లేదు. డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర రీసర్వే మొదలైంది. తెలంగాణలో ధరణి వచ్చింది, దాని చోట భూభారతి వచ్చింది. కవిలె కట్ట కంప్యూటరైంది. ఏ ప్రభుత్వమైనా చెప్పే మాట ఒక్కటే, మధ్యవాళ్లు లేకుండా నేరుగా రైతుతో అని. ఈ మాట మన్రో నోట విన్నదే.

మాట చెడ్డది కాదు. కాకపోతే ఆ మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగాలని నా ఉద్యోగం, ఈ చరిత్ర నాకు నేర్పాయి. పేరు తప్పు పడితే రైతు ఎవరి దగ్గరికి పోవాలి? నిర్ణయం చేసినవాడు గుడారం వేసుకుని ఊళ్లోకి వస్తాడా, రైతే తిరగాలా? కౌలుదారు, కూలీ, ఇంటి ఆడబిడ్డ, వీళ్ల పేర్లు ఏ కాలమ్‌లో ఉన్నాయి?

మీ ఇంట్లో పాత పట్టా ఉంటే ఒకసారి బయటికి తీసి చూడండి. ఎవరి పేరు ఉందో అందరూ చూస్తారు. ఎవరెవరి పేర్లు లేవో కూడా చూడండి.